ఏకారం బరువు

గుమ్మానికి కుడిపక్క, ఒకప్పుడు కాలింగ్ బెల్లు ఉండే ఎత్తులో, అరచేతి వెడల్పున్న ఇత్తడి బిళ్ళ ఒకటి గోడలో బిగించి ఉంది. దాని పేరు పలుకుమాపిని. మేదిని దాని ముందుకు వచ్చి నిలబడింది. వెనుక ఆమె తండ్రి శేషగిరి క్యారేజీ పట్టుకుని తన వంతు కోసం ఆగాడు.

"ఎలా ఉన్నారు?" అంది బిళ్ళ. రోజూ ఆరుంబావుకు అదే గొంతు. ఊళ్ళో అందరి గుమ్మాల్లోనూ అదే గొంతు.

"బాగానే ఉన్నాను" అంది మేదిని.

బిళ్ళ అంచు వెలిగింది. ఆమె మణికట్టు మీది దినచీటీ ముదురు ఆకుపచ్చలోకి తిరిగింది.

"చూశావా?" అన్నాడు శేషగిరి. "ఈ వీధిలో రోజూ తప్పకుండా ముదురాకుపచ్చ వచ్చేది నీకూ నాకూను. ఎదురింటి వరూధినిగారికి ఇవాళ కూడా కాషాయమేనట."

దినచీటీ రంగు తేలనిదే పాలలంకలో ఎవరి రోజూ మొదలు కాదు. పడవ ఎక్కాలన్నా, బడి గేటు దాటాలన్నా, కాలువ మీది లాకు తలుపులు తిప్పే గదిలోకి అడుగు పెట్టాలన్నా ముందు ఆ రంగు చూస్తారు. ఆకుపచ్చయితే పనికి వెళ్ళాలి. కాషాయమైతే సగం పూట విశ్రాంతి. ఎరుపయితే ఆ రోజే మనోవైద్యశాలలో చోటు. పలుకుమాపిని వచ్చి పద్నాలుగేళ్ళయింది. అది చేసిన మేలు చిన్నది కాదు. అంతకుముందు మనసుకు వచ్చిన జబ్బును జనం దొంగసొత్తులా దాచేవారు. ఇప్పుడు "నాకివాళ కాషాయం" అని జలుబు గురించి చెప్పినంత సులువుగా చెప్పుకుంటున్నారు. పోవలసిన ప్రాణాలు ఎన్నో నిలిచాయి. మేదిని కూడా ఆ సంగతి కాదనదు. ఆమె కష్టమల్లా, ఎనిమిది నెలలుగా ఆ బిళ్ళ తన విషయంలో పొరపాటు పడుతూ ఉండటం.

"నాన్నా, శుక్రవారం నాకు ఇంటిసాక్షి కావాలి. వస్తావా?"

శేషగిరి క్యారేజీ కింద పెట్టాడు. ఆకుపచ్చ వచ్చిన వాళ్ళకు మనోవైద్యశాల తలుపు తెరుచుకోదు. బిళ్ళ పొరబడిందని ఇంటి పెద్ద ఒకరు వచ్చి నోటితో చెప్తేనే తెరుచుకుంటుంది. దాన్నే ఇంటిసాక్షి అంటారు.

"మళ్ళీ మొదలెట్టావా? నీకేమైందని?"

"నీకు చెప్పాను. స్నానానికి లేవాలంటే గంట పడుతోంది. దిద్దిన పేపరే మళ్ళీ దిద్దుతున్నా. తిండి నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుంది. పిల్లలు నవ్వుతుంటే దూరంగా ఎక్కడో నవ్వుతున్నట్టు వినిపిస్తోంది."

"అది బద్ధకం. ఎండలో నాలుగడుగులు నడు, అదే పోతుంది." ఆమె మణికట్టు వైపు గడ్డం ఎగరేశాడు. "మరి ఇదేంటి?"

"అది తప్పు చూపిస్తోంది."

"తప్పు!" శేషగిరి నవ్వాడు. కోపం వచ్చినప్పుడు ఆయన అలాగే నవ్వుతాడు. "ముప్పై ఒక్కేళ్ళుగా లాకు మీద నీళ్ళ గేజీ చూస్తున్నానమ్మాయ్. ఒక్కోసారి నా కంటికి నీళ్ళు తక్కువగా అనిపిస్తాయి. గేజీ ఎనిమిదంటే ఎనిమిదే. కంటిమాట విని తలుపులు తెరిస్తే పడవలు బోల్తా కొడతాయి. మీ అమ్మ పోయిన పన్నెండో రోజున లాకు మీదకెళ్ళా. అప్పుడు కూడా నా చీటీ ఇదే రంగు. నేనేమన్నా సాక్షుల్ని వెతుక్కున్నానా?"

"నీ సంగతి కాదు నాన్నా."

"సాక్షి చెప్పడమంటే గేజీ అబద్ధమని సంతకం పెట్టడం. నా చేత్తో ఆ సంతకం ఇంతవరకూ పెట్టలేదు. ఇక పెట్టను."

ఆయన ముందుకు జరిగి బిళ్ళ ఎదుట నిటారుగా నిలబడ్డాడు. "బాగానే ఉన్నా" అన్నాడు. అంచు వెలిగింది. ముదురు ఆకుపచ్చ.

మేదిని వాదించలేదు. బిళ్ళకు సూటిగా "బాగాలేను" అని చెప్పి చూడటం కూడా అయిపోయింది. బిళ్ళలు వచ్చిన కొత్తలో పని ఎగ్గొట్టడానికి ఆ మాట వాడేవాళ్ళు ఎక్కువై, గొంతులో వణుకు లేకుండా పలికిన "బాగాలేను"ను బిళ్ళ లెక్కలోకి తీసుకోవడం మానేసింది. ఆరేళ్ళుగా తరగతి గది చివరి బెంచీదాకా వినపడేలా పాఠం చెప్పిన గొంతు మేదినిది. లోపల ఏం కూలినా ఆ గొంతు వణకదు. రెండుసార్లు చెప్తే రెండుసార్లూ చీటీ మీద "సెలవు పలుకు" అని పడింది. తండ్రి అది చదివి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆమె మళ్ళీ "బాగానే"కి వచ్చేసింది.

*

రోజంతటినీ ఒకేసారి ఎత్తుకోలేకపోతే ముక్కలు చేసుకోవచ్చని మేదిని తనంతట తాను కనిపెట్టింది. బడిగంట ఆమెకు పనికొచ్చింది. మొదటి గంట నుంచి రెండో గంట దాకా ఉంటే చాలు. అక్కడికి చేరాక మూడో గంట సంగతి. ఆ పద్ధతిలోనే ఆ రోజు కూడా మూడో గంట దాకా వచ్చి స్టాఫ్ రూములో కూలబడింది.

లెక్కలు చెప్పే నఫీసా అక్కడే ఉంది. ఆవిడకు యాభై నాలుగేళ్ళు. మేదిని ఆవిడను అక్కా అని పిలుస్తుంది.

"నాకివాళ కాషాయం" అంది నఫీసా చీటీ చూపిస్తూ. "మోకాలు సగం, మా కోడలు చేసిన ఉప్మా సగం. నీదేంటి?"

"ముదురాకుపచ్చ."

"దానికి కళ్ళు పోయాయి." నఫీసా టీ గ్లాసు ఆమె ముందుకు జరిపింది. "నాన్నగారు ఏమన్నారు?"

"రానన్నారు."

"తాగు. ఈసారన్నా మొత్తం తాగు."

నాలుగో గంటకు ఎనిమిదో తరగతి. పాఠం అవధారణం. మేదిని బోర్డు మీద రాసింది: ఏకారం అవధారణార్థకం. చెప్పిన మాటకు నిశ్చయాన్ని, బలాన్ని ఇస్తుంది. "నేను చేశాను" కంటే "నేనే చేశాను" గట్టిమాట. "అక్కడ ఉంది" కంటే "అక్కడే ఉంది" గట్టిమాట. పిల్లలు వరసగా ఉదాహరణలు చెప్తున్నారు. కిటికీ పక్కనున్న తేజోమయి మాత్రం చెయ్యి దించకుండా లేచి నిలబడింది.

"టీచర్, మరి మా పెద్దమ్మ మొన్న మా ఇంటికొచ్చి అమ్మ చేసిన పులుసు తిని 'బాగానే ఉంది' అంది. అమ్మ మూడ్రోజులు తనతో మాట్లాడలేదు. బలమిచ్చే ఏకారమైతే అమ్మ సంతోషించాలి కదా?"

తరగతి గొల్లున నవ్వింది.

"మా మావయ్య కొత్త చొక్కా చూసి మా నాన్న కూడా అలాగే అన్నాడు టీచర్! మావయ్య ఆ చొక్కా మళ్ళీ తొడగలేదు."

"పరీక్ష ఎలా రాశావంటే బాగానే రాశానన్నావనుకో, లెక్కలు పోయినట్టే!"

"ఎవరిది పోయిందిరా?" "నీదే!" "చూశారా టీచర్, 'నీదే'లో మాత్రం గట్టిగానే ఉంది ఏకారం!"

మేదిని కూడా నవ్వింది. నవ్వుతూ సుద్దముక్క ఎత్తి, రాయబోయి ఆగిపోయింది. చాలాకాలం తర్వాత ఆమె బుర్రలో ఒక దీపం వెలిగినట్టయింది. రెండు వాక్యాలు ఒకదాని కింద ఒకటి రాసింది.

పులుసు బాగుంది.
పులుసు బాగానే ఉంది.

"ఏ పులుసు ఎక్కువ బాగున్నట్టు?"

నలభై గొంతులు ఒక్కసారే అన్నాయి, "మొదటిదే!"

వ్యాకరణం ప్రకారం రెండోది గట్టిమాట. తెలుగు మాట్లాడే పన్నెండేళ్ళ పిల్లకు తెలిసిన ప్రకారం అది సగం మాట. తక్కినది మింగేసిన మాట. ఇక పలుకుమాపినికి తెలుగు నేర్పిన వాళ్ళు ఏది చదివి నేర్పి ఉంటారు?

గంట కొట్టగానే ఆమె నఫీసా చెయ్యి పట్టుకుని చిన్న తరగతుల గదికి తీసుకెళ్ళింది. పిల్లలకు నేర్పడం కోసం అక్కడొక అభ్యాసమాపిని ఉంది. దానిముందు ఎన్నిసార్లు పలికినా చీటీ మారదు, రంగు మాత్రం చూపిస్తుంది.

"అక్కా, పొద్దున ఇంట్లో ఏం చెప్పావు?"

"ఏదో ఉన్నాలే అన్నా."

"ఇప్పుడు 'బాగానే ఉన్నాను' అను."

నఫీసా అంది. ముదురు ఆకుపచ్చ వెలిగింది. "బాగున్నాను" అనమంది మేదిని. అంటే లేత ఆకుపచ్చ వచ్చింది. మళ్ళీ "బాగానే". ముదురు.

నఫీసా బిళ్ళ వైపు కాసేపు చూసింది. "ఒక్క అక్షరానికి నా మోకాలు కూడా నయమైపోయింది కదే!" అని, ఆ వెంటనే నవ్వు ఆపేసి మేదిని వైపు తిరిగింది. "అంటే ఎనిమిది నెలల్నుంచీ నువ్వు..."

"అవునక్కా."

*

జిల్లా మాపక కేంద్రంలో వాళ్ళ ఉత్తరం అందుకున్నది ఉత్తేజ్ అనే యువకుడు. ఆ శనివారం ఇద్దరినీ కూర్చోబెట్టి, మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

"మేడమ్, మాపినికి భాష నేర్పిన పట్టిక ఇదిగో. ఏకారానికి నిశ్చయం కింద రెండు పాళ్ళు బరువు. వ్యాకరణ గ్రంథాలన్నీ చూసే వేశారు. మీరు తెలుగు టీచరు, మీకు నేను చెప్పాలా?"

"గ్రంథాల్లో ఉన్నది తప్పు కాదు. నేను కూడా అదే చెప్తాను పిల్లలకు. మీకు పెళ్ళయిందా?"

ఉత్తేజ్ కొంచెం కంగారుపడ్డాడు. "లేదండీ. చూస్తున్నారు."

"వెళ్ళిన చోట అమ్మాయి వాళ్ళు 'అబ్బాయి బాగానే ఉన్నాడు' అన్నారనుకోండి, మీరేమనుకుంటారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "పోయిన నెల ఒకళ్ళు అలాగే అన్నారు. మళ్ళీ కబురు రాలేదు."

"ఏకారం రెండు పాళ్ళు తగ్గించింది బాబూ" అంది నఫీసా జాలిగా.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఉత్తేజ్ తన ముందున్న తెరను తాకి ఏదో వెతికాడు. నవ్వు మెల్లగా పోయింది. ఆ ఉదయం జిల్లాలో నాలుగు లక్షల మంది బిళ్ళకు జవాబిచ్చారు. వాళ్ళలో లక్షా ముప్పై వేల మంది చెప్పింది "బాగానే".

"వీళ్ళందరికీ ముదురాకుపచ్చ ఇచ్చాం" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత తేరుకుని, "పట్టిక దిద్దాలంటే పైకి రాయాలి, పరీక్షలు చెయ్యాలి. మూడు నెలలు పట్టొచ్చు. నేను వదిలిపెట్టను, మాటిస్తున్నాను. కానీ మీ సంగతి... పట్టిక మారేదాకా మీది ఆకుపచ్చే. ఇంటిసాక్షి లేకుండా నేను కూడా ఏం చెయ్యలేను మేడమ్."

"ఆ నిబంధన ఒకసారి చూపిస్తారా?"

మేదిని దాన్ని పిల్లల వ్యాసం దిద్దినట్టు మాట మాటకూ ఆగి చదివింది. 'ఒకే కప్పు కింద రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా కలిసి మెలిగే, వయసులో పెద్దవారు'.

"ఇందులో ఇల్లు అన్న మాట ఎక్కడుంది?"

"పేరులోనే ఉంది కదండీ, ఇంటిసాక్షి అని."

"పేరు పిలవడానికి. నిబంధన పాటించడానికి. ఇక్కడున్నది కప్పు. మా బడికి కప్పుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగుంబావు దాకా మేమిద్దరం దానికిందే ఉంటాం."

"పోయిన వానకు కారింది గానీ, కప్పే" అంది నఫీసా.

ఉత్తేజ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత సాక్షి మాట నమోదు చేసే పెట్టెను నఫీసా ముందుకు జరిపాడు.

ఆవిడ పైట సర్దుకుని, బోర్డు ముందు నిలబడ్డట్టు వెన్ను నిటారుగా చేసి కూర్చుంది. "నేను లెక్కల టీచర్ని. ఊహించి చెప్పను, చూసింది చెప్తాను. మార్చి నెల నుంచి ఈ అమ్మాయి టీ సగంలో వదిలేస్తోంది. ఇదివరకు నా గ్లాసులోది కూడా తాగేది. పిల్లల పేర్లు మర్చిపోయి హాజరుపట్టీ చూస్తోంది. నవ్వుతుంది, కానీ నవ్వు అయిపోయాక ఒక క్షణం ఆ ముఖంలో ఎవరూ ఉండరు. ఆ క్షణం రోజురోజుకీ పెద్దదవుతోంది. ఈ పిల్ల బాగాలేదు. నాకిది తెలుసు. ఇంతే."

మేదిని కిటికీ వైపు తిరిగింది. తన గురించి ఇంకొకరి నోట అంత నిజం వినడం ఆమెకు అదే మొదలు. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. వెంటనే ఆకలి వేసింది. ఆ సంగతి నఫీసాకు చెప్తే, ఆవిడ పడవల రేవు పక్కన రెండు పెసరట్లు తినిపించి గానీ ఇంటికి పంపలేదు.

*

ఇంటికి రాగానే మేదిని తండ్రితో చెప్పేసింది. ఆయన వరండాలో కూర్చుని లాకు డైరీలో నీటిమట్టాలు రాసుకుంటున్నాడు.

"నాన్నా, నఫీసక్క సాక్షి చెప్పింది. వచ్చే శుక్రవారం నుంచి వైద్యశాలకు వెళ్తున్నాను. నిన్ను ఒప్పించడానికి చెప్పట్లేదు. ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి నీకు తెలిసి ఉండాలని."

శేషగిరి కలం ఆపాడు గానీ తల ఎత్తలేదు. "బయటివాళ్ళ దగ్గరికెళ్ళి చెప్పుకున్నావన్నమాట."

"ముందు నీకే చెప్పాను. మూడుసార్లు."

"నాకు నమ్మకం లేదు."

"తెలుసు నాన్నా. నీకు నమ్మకం కుదిరేదాకా ఆగితే నాకు ఆలస్యమవుతుంది."

ఆ మాట అన్నాక తన గొంతులో కోపం లేకపోవడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆయన మళ్ళీ రాసుకోవడంలో పడ్డాడు. రాత్రి భోజనాలప్పుడు పచ్చడి జాడీ ఆమె వైపు జరిపాడు కానీ, మాట కలపలేదు.

శుక్రవారాలు మొదలయ్యాయి. వైద్యురాలు ఆమె మాటకు ఏ రంగూ వెయ్యలేదు. విన్నది. మందు రాసింది. మూడో వారం మేదిని తండ్రి సంగతి ఎత్తి, ఆయన నమ్మకపోతే తను బాగుపడినా బాగుపడనట్టే ఉంటుందంది. "ఆయన నమ్మడం ఒక పని, మీరు కోలుకోవడం ఇంకో పని" అంది వైద్యురాలు. "రెంటినీ ఒకే తాడుకు కట్టకండి. ఒకటి ఆగితే రెండోది కూడా ఆగిపోతుంది." ఆ మాటను మేదిని ఇంటికి మోసుకొచ్చింది. తండ్రి బద్ధకమన్న రోజున, లేచి ఎండలో నడిచింది. ఆయన అన్నందుకు కాదు, నడిస్తే బాగుంటోంది కాబట్టి. బదులు చెప్పాలనిపించిన రోజున నఫీసాకు ఫోన్ చేసింది. ఎనిమిదో వారానికి టీ మొత్తం తాగుతోంది. పదకొండో వారంలో హాజరుపట్టీ చూడకుండా నలభై పేర్లూ పిలిచింది. అన్ని రోజులూ అలా లేవు. కొన్ని రోజులు మళ్ళీ గంట నుంచి గంటకు ఈదవలసి వచ్చింది. కానీ ఈత వచ్చిన వాళ్ళకు నీళ్ళంటే ఉండే భయం వేరు.

ఉత్తేజ్ మాట నిలబెట్టుకున్నాడు. పద్నాలుగో వారం, గురువారం నుంచి పట్టిక మారుతుందని, "బాగానే" అన్న మాటకు ఇకమీదట అదనపు బరువు ఉండదని అందరి చీటీల మీదా ప్రకటన వచ్చింది. మాట బరువు తీసేస్తే కింద మిగిలే గొంతును బిళ్ళ వింటుంది.

గురువారం పొద్దున వీధికి వీధే కాషాయంలోకి తిరిగింది. పడవల్లో సగం నడవలేదు. బజారులో మూడు కొట్లు తెరవలేదు. దిద్దిన వాళ్ళు అంతవరకే ఆలోచించారు. శుక్రవారం జరగబోయేది వాళ్ళ పట్టికలో లేదు.

శుక్రవారం తెల్లవారేసరికి జనం దారి కనిపెట్టేశారు. గుమ్మాల్లోంచి "బాగున్నాను", "బాగున్నాను" అని పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తోంది. నేర్చుకున్న మాట గనక గొంతు తొణకడం లేదు. లేత ఆకుపచ్చలు వరసగా వెలుగుతున్నాయి. పద్నాలుగేళ్ళుగా తెలియక చెప్పిన అబద్ధాన్ని జనం ఇప్పుడు తెలిసి చెప్పడం మొదలుపెట్టారు.

శేషగిరి గురువారం సెలవులో ఉన్నాడు, సెలవు రోజున పలకనక్కర్లేదు. అందుకని ఆయనకు అదే మొదటి పలుకు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బిళ్ళ ముందుకు వచ్చాడు.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నా."

అంచు వెలిగింది. ఆయన మణికట్టు ఎర్రబడింది.

కాషాయం కూడా కాదు. శేషగిరి చీటీని బొటనవేలితో తుడిచాడు. సరిచూసుకోవడానికి ఇంకొక్క పలుకు ఉంటుంది. ఎదురింటి గుమ్మంలోంచి వరూధిని కేకేసింది, "అన్నయ్యగారూ, ఆ 'నే' మింగేయండి! మా ఇంట్లో అందరిదీ పచ్చే!"

మేదిని లోపలి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బాగు..."

ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. పెదవులు కలిశాయి, విడిపోయాయి. మాట రాలేదు. ముప్పై ఒక్కేళ్ళలో లాకు డైరీలో ఒక్క అంగుళం తప్పు రాయని మనిషి, లేని మట్టాన్ని ఉందని చెప్పడానికి గుమ్మంలో నిలబడి తంటాలు పడుతున్నాడు. ఆయన చేత కాలేదు.

బిళ్ళ గడువు అయిపోయి అంచు ఆరిపోయింది. చీటీ ఎర్రగానే ఉంది. శేషగిరి బిళ్ళకు వీపు తిప్పి, కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"నీ పడవ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి."

"నన్ను కూడా ఇవాళే రమ్మంటారుగా."

"రమ్మంటారు."

పడవలో జనం పలచగా ఉన్నారు. మేదిని పక్కన శేషగిరి క్యారేజీ లేకుండా, ఖాళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ పడవ పాలలంక లాకులోకి వచ్చి నిలబడింది. పై గదిలో ఆయన స్థానంలో కూర్చున్న సహాయకుడు కిందికి చూసి, గుర్తుపట్టి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ముందు తలుపుల అవతల నీళ్ళు తక్కువగా ఉన్నాయి. పడవ కింద నీళ్ళు మెల్లగా దిగడం మొదలుపెట్టాయి.

"ఎలా..." అని మొదలుపెట్టి శేషగిరి ఆపేశాడు. ఆ మాట అచ్చం బిళ్ళలా వినిపించింది ఆయనకే. బిళ్ళ వచ్చాక ఆ ఇంట్లో ఒకరినొకరు ఆ మాట అడగవలసిన పని పడలేదు. ఇంటిల్లిపాదినీ అడిగేది అదే. అడిగే అలవాటు పోయిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

ఇంకో మాట వెతుక్కుని అడిగాడు. "నిద్ర పడుతోందా?"

"నిన్న ఐదు గంటలు. మొదట్లో మూడు పట్టేది కాదు."

ఆయన తల ఊపాడు. డైరీలో రాసుకోవలసిన అంకె విన్నట్టు ఊపాడు. నీళ్ళు ఇంకో మెట్టు దిగాయి.

"నాకు రెండు" అన్నాడు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"మీ అమ్మ పోయినప్పట్నుంచి." నీళ్ళు దిగుతున్న లాకు గోడ వైపు చూశాడు. "నీది తప్పు చూపిస్తోందన్నావు. అది ఒప్పుకుంటే నాది కూడా ఒప్పుకోవాలి. మూడేళ్ళు. అన్నేళ్ళ లెక్క తప్పని ఎలా ఒప్పుకోను? అందుకే నీ మాట విన్లేదు."

"విన్లేదు" అంది మేదిని. ఫరవాలేదని అనలేదు. ఆ మాట ఇంకా నిజం కాలేదు. అయ్యేదాకా అనదు. కానీ బెంచీ మీద కొంచెం ఆయన వైపు జరిగి కూర్చుంది.

లాకు తలుపులు తెరుచుకున్నాయి. పడవ కదిలింది. శేషగిరి రేవు కనిపించాక గొంతు తగ్గించి అడిగాడు.

"లోపల మొదట ఏమడుగుతారు?"

"ఏమీ అడగరు. మనం మొదలుపెట్టేదాకా ఊరుకుంటారు."

ఆయన ముఖంలో భయం కనబడింది. "ఎంతసేపు?"

"నాకు మొదటిరోజు ఇరవై నిమిషాలు పట్టింది."

"నాకింకా ఎక్కువ పడుతుందేమోనమ్మా."

"పట్టనీ నాన్నా" అంది మేదిని. "నేను బయట బెంచీ మీద ఉంటాను."